మైనస్ పడ్డ ఫొటోలు

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ సున్నాగారు అనేవాళ్లు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఏ లెక్కయినా సున్నా నుంచే మొదలుపెడతారు కదా, ఆయన ఆ అలవాటుని బయటి బతుకులోకి కూడా లాక్కొచ్చాడు. మీటింగుకి ఎంతమంది వచ్చారని మేనేజరు అడిగితే, "సున్నా, ఒకటి, రెండు, మూడు" అని వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "ముగ్గురండీ" అనేవాడు, ఎదురుగా నలుగురూ కుర్చీల్లో కూర్చుని చూస్తుండగానే. అందరూ నవ్వేదాకా మొహం గంభీరంగా పెట్టుకుని, ఆ తర్వాత అందరికంటే గట్టిగా తనే నవ్వేవాడు.

ఆఫీసు చేసే పని మాత్రం నవ్వులాట కాదు. తప్పిపోయిన మనుషుల్ని వెతకడం. ఒక పక్క నుంచి కుటుంబాలు ఫొటోలు పంపుతాయి, మా చెల్లెలు ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు, మా ఆయన పనికని వెళ్లి జాడ లేకుండా పోయాడు అని. ఇంకో పక్క నుంచి ఆస్పత్రులూ ఆశ్రమాలూ పంపుతాయి, ఈ మనిషి ఎవరో తెలియదు, పేరు చెప్పలేకపోతున్నాడు, జేబులో ఈ ఫొటో దొరికింది అని. ఇంట్లో గోడకున్న ఫొటో, ఆ జేబులో దొరికిన ఫొటో ఒకటేనని తేలితే చాలు, వెతుకులాట చాలామటుకు అయిపోయినట్టే. లక్షల ఫొటోల్లో అలాంటి జతల్ని పట్టుకునే ప్రోగ్రామే ఆ ఆఫీసుకి ఊపిరి. దాన్ని రాసింది సున్నాగారే.

ఎందుకు రాశాడో కూడా అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే అమ్మానాన్నలు పోతే ఆయన్ని పెంచింది అక్క. పదేళ్లు పెద్దది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసి, తమ్ముణ్ణి కాలేజీ దాకా తెచ్చింది. ఆయన పరీక్షలకి చదువుకుంటున్న రోజుల్లో ఆవిడ ఎక్కిన బస్సు వంతెన మీంచి నదిలో పడింది. కొందరు ఈదుకుంటూ బయటపడ్డారు, కొందరి శవాలు తేలాయి. అక్క ఇటూ లేదు, అటూ లేదు. సున్నాగారు చదువైపోగానే, మంచి మంచి ఉద్యోగాలు వదులుకుని, అప్పట్లో ఒకే ఒక్క గదిలో నడుస్తున్న ఈ ఆఫీసుకొచ్చి చేరాడు.

చేరిన కొత్తలో ఆస్పత్రుల ఫొటోలన్నీ కళ్లతోనే చూసేవాడట. తర్వాత అవి వేలు దాటి, లక్ష దాటి, మనిషి కళ్లకి అందకుండా పోయాయి. అప్పుడే కంప్యూటరు చేత చూపించడానికి ఈ ప్రోగ్రాము రాశాడు. అందులో పెట్టిన మొట్టమొదటి ఫొటో వాళ్లిద్దరిదీ. కిటికీ పక్కన స్టూలు మీద నిక్కరు వేసుకున్న కుర్రాడు, వాడి భుజం మీద చెయ్యేసి రెండు జడల అమ్మాయి. ఆ ఫొటో ఇంకో కాపీ అక్క చేతిసంచీలో ఉండేది. బస్సెక్కిన రోజు కూడా ఆ సంచీ ఆవిడ దగ్గరే ఉంది.

ఇక కొత్తమ్మాయి సంగతి. చేరి ఏడాది దాటినా, ఆమె తర్వాత ఎవరినీ తీసుకోకపోవడంతో కొత్తమ్మాయి కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. పాత కంప్యూటర్లలో ఉన్న సమాచారమంతా కొత్తవాటిలోకి మార్చే పని ఆమెకి అప్పజెప్పారు. ఇల్లు మారేటప్పుడు అటక దించినట్టు, ఏ మూల ఏముందో అన్నీ తీసి చూడాల్సిన పని అది.

ఆ ప్రోగ్రాము ఫొటోని మనలా చూడదు. దాన్ని చిన్న చిన్న గళ్లుగా కుదించి, ప్రతి గడీ పక్క గడికంటే వెలుతురుగా ఉందా లేదా అని చూస్తుంది. వెలుతురైతే ఒకటి, కాకపోతే సున్నా. అలా వచ్చే అరవై నాలుగు ఒకట్లూ సున్నాల వరసే ఆ ఫొటోకి వేలిముద్ర. దాన్నే హ్యాష్ అంటారు. ఈ హ్యాష్‌ని రెండు రకాలుగా దాచుకోవచ్చు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పదహారు గుర్తుల మాటగా రాయొచ్చు, లేదా ఒకే ఒక్క పెద్ద సంఖ్యగా రాయొచ్చు. కుటుంబాల ఫొటోల హ్యాష్‌లు మాటలుగా ఉన్నాయి. ఆస్పత్రుల వైపువి, చోటు కలిసొస్తుందని, సంఖ్యలుగా ఉన్నాయి. ప్రోగ్రాము రోజూ ఆ సంఖ్యల్ని మాటలుగా మార్చుకుని, కుటుంబాలవాటితో పోల్చి చూస్తుంది. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. ఎంతోమంది దొరికారు కూడా. దొరికినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన మిఠాయి డబ్బాలు బీరువా మీద వరసగా పేర్చి ఉండేవి.

ఒకరోజు పొద్దున్నే కొత్తమ్మాయి ఆస్పత్రుల పట్టిక తెరిచింది. తెరమీద సంఖ్యలు బారులు తీరి ఉన్నాయి. చాలావాటి ముందు చిన్న అడ్డగీత ఉంది.

"ఇదేంటి? ఫొటోకి మైనస్ ఏంటి?" అనుకుంది.

కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. అరవై నాలుగు చోట్లున్న సంఖ్యలో మొదటి చోటుని కంప్యూటరు ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి వాడుకుంటుంది. ఫొటో వరసలో మొదటిది ఒకటయితే, అంటే ఫొటో ఎడమ పైమూల వెలుతురుగా ఉంటే, ఆ సంఖ్య మైనస్‌గా కనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. తిరిగి మాటగా మార్చేటప్పుడు ఆ మైనస్‌ని మళ్లీ ఒకటిగా తిప్పుకుంటే సరిపోతుంది.

తిప్పుకున్నారా? చూద్దామని మార్చే ప్రోగ్రాము తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది.

తిప్పుకోలేదు. మైనస్ ఉన్న సంఖ్య మైనస్ ఉన్న మాటగా మారుతోంది. పోల్చే చోటుకి వెళ్లేసరికి ముందున్న ఆ అడ్డగీత వల్ల దాన్ని చదవడం కుదరడం లేదు. చదవలేకపోతే ఏం చేయాలో కింద రాసుంది. వదిలేసి తర్వాతదానికి వెళ్లు. అంతే. ఎర్ర అక్షరాలు లేవు, కేకలు లేవు, ఫలానా ఫొటో చూడలేకపోయానని ఒక్క ముక్క చెప్పడం లేదు.

కొత్తమ్మాయి, మైనస్ ఉన్నవి ఎన్నో లెక్క తియ్యమని కంప్యూటరుని అడిగింది. దాదాపు సగం.

సగం! ఇన్నేళ్లుగా ఆస్పత్రులూ ఆశ్రమాలూ పంపిన ఫొటోల్లో సగం వాటిని ఈ ప్రోగ్రాము ఒక్కసారి కూడా చూడలేదు. ఇళ్లల్లో జనం ఎదురుచూస్తున్నారు, అక్కడ ఆ మనుషులు మంచాల మీద ఎదురుచూస్తున్నారు, మధ్యలో ఈ అడ్డగీత. తనే ఎక్కడో పొరబడి ఉంటానని, పొరబడి ఉంటే బాగుండునని, మొదటి నుంచి మళ్లీ సరిచూసుకుంది. పొరబాటు లేదు.

బాగుచేయడానికి ఒకే ఒక్క వాక్యం సరిపోయింది. ప్రోగ్రాముకి నకలు తీసి, అందులో ఆ వాక్యం రాసి, నడిపించింది. అందరూ భోజనాలకి లేచే వేళ. తెరమీద కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక జత పడింది. ఎడమవైపు కుటుంబం పంపింది, కుడివైపు ఆస్పత్రి పంపింది. మోటారుసైకిలు మీద కూర్చున్న కుర్రాడు, రెండువైపులా అదే కుర్రాడు. ఇంకో జత. చంటిబిడ్డని ఎత్తుకున్న మీసాలాయన. ఇంకోటి. ఇంకోటి. ఒక్కో జత పడుతుంటే ఎవరో చెంప మీద కొడుతున్నట్టుంది ఆమెకి. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాత కిటికీ పడింది. కిటికీ పక్కన స్టూలు. నిక్కరు కుర్రాడు. రెండు జడల అమ్మాయి.

కొత్తమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తనకే తెలియదు. ఆ ఫొటో ఆమెకి బాగా తెలుసు. సున్నాగారి బల్ల అద్దం కింద ఏడాదిగా రోజూ చూస్తున్నదే. ఫొటో ఎడమ పైమూలలో ఉన్నది కిటికీ. కిటికీలోంచి వెలుతురు.

సున్నాగారు డబ్బా మూత తీసి ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాడు.

"సార్, ఒకసారి నా బల్ల దగ్గరికి వస్తారా."

"తిని వస్తానమ్మా."

"ఇప్పుడే రండి సార్."

గొంతు విని ఆయన డబ్బా మూసేశాడు. ఆమె తెరని పక్కకి తిప్పేసి ముందు ప్రోగ్రాము చూపించింది. నేరుగా ఫొటో చూపించే ధైర్యం రాలేదు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఆయనకి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వేలు ఆ వాక్యం మీద ఆగిపోయింది.

"ఇది వదిలేస్తోంది" అన్నాడు.

"అవును సార్."

"మైనస్ వచ్చిన ప్రతిదాన్నీ వదిలేస్తోంది."

"అవును సార్."

"ఎవరు రాశారిది?" అని అడిగాడు, అడిగిన మరుక్షణమే "నేనే" అన్నాడు. "నేను కాక ఇంకెవరు. పరీక్ష చేసినప్పుడు ఆస్పత్రుల వైపు పెట్టి చూసిన ఫొటోలన్నిటికీ చీకటి మూలలే అయ్యుంటాయి. ఎన్నమ్మా?"

"దాదాపు సగం సార్."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. అప్పుడామె తెరని ఇటు తిప్పింది.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత చిరాకుగా, "నా ఫొటో రెండుసార్లు ఎక్కించావేంటి?" అన్నాడు.

"లేదు సార్. ఎడమవైపుదే మీది."

"రెండూ నావే కదమ్మా, కనపడట్లా?"

"కుడివైపుది చూడండి సార్. మధ్యలో మడత ఉంది. కింద నీటి మరక ఉంది."

మీ బల్ల మీదున్న దానికి మడత లేదు సార్, అని ఆమె అనబోయింది గానీ అనలేకపోయింది. మనిషి కొయ్యబారిపోవడమంటే ఏమిటో కొత్తమ్మాయి ఆ రోజు కళ్లారా చూసింది. ఊపిరి తీసుకుంటున్నాడో లేదో అని భయమేసి, "సార్, సార్" అని భుజం పట్టి కుదిపింది.

"ఎప్పుడు పెట్టారు?" అన్నాడు ఎట్టకేలకు.

ఆమె చూపించింది. ఒక ఆశ్రమం వాళ్లు ఈ ఆఫీసుతో కలిసిన కొత్తలో పంపారు. తొమ్మిదేళ్ల కిందట, ఫొటోలు చూసే పని కంప్యూటరుదైపోయాక.

ఫోన్ కొత్తమ్మాయే చేసింది. అవతల ఎత్తింది అక్కడి నర్సు. ఫొటో సంగతి చెప్పగానే, "ఎవరూ, తమ్ముడక్కా?" అంది.

"తమ్ముడక్క ఏంటండీ?"

"పేరు తెలియదు కదమ్మా. తలకి పెద్ద దెబ్బ తగిలి ఎన్నో ఆస్పత్రులు తిరిగి మా దగ్గరికొచ్చింది. మాటలు నాలుగో అయిదో. ఎవరేం అడిగినా ఆ ఫొటో తీసి తమ్ముడు, తమ్ముడు అంటుంది. అందరం తమ్ముడక్క అనే పిలుస్తాం. మీరెవరు? ఇన్నేళ్లలో ఆవిడ గురించి అడిగిన మొదటి మనిషి మీరే. ఫొటో పంపి కూడా ఏళ్లయింది. ఎవరూ రాకపోతే, ఎవరూ లేరేమోలే అనుకున్నాం."

స్పీకరులో ఈ మాటలన్నీ సున్నాగారు వింటున్నాడు.

"ఇప్పుడు... ఉన్నారా ఆవిడ?" అని అడిగింది కొత్తమ్మాయి.

"ఉండకేం, ఇదిగో నా వెనకాలే దుప్పట్లు మడతపెడుతోంది."

సున్నాగారిని తన కారులో ఎక్కించుకుని కొత్తమ్మాయే తీసుకెళ్లింది. మర్నాడు తెల్లవారకుండానే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరారు. దారిపొడుగునా ఆయన మాట్లాడింది ఒకే ఒక్కసారి. "సగం" అన్నాడు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆశ్రమం వెనక ఉతికిన దుప్పట్లు ఆరేసిన వరండా. ఒక సన్నటి ఆవిడ దుప్పటి అంచులు చేర్చి పట్టుకుని, గడ్డం కింద అదిమిపెట్టి, మడతపెడుతోంది. జుట్టు పొట్టిగా, చాలామటుకు తెల్లగా ఉంది. చెవి మీంచి మెడదాకా పాత కుట్ల గీత. సున్నాగారు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"అక్కా."

ఆవిడ చూసింది. కొత్తవాళ్లని చూసి మర్యాదగా నవ్వినట్టు నవ్వి, బల్ల చూపించి, "కూచో" అంది.

"తమ్ముడక్కా, ఎవరొచ్చారో చూడు! మీ తమ్ముడే" అంది నర్సు కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ గబగబా మునివేళ్ల మీద లేచి వాళ్ల వెనక్కి చూసింది. గుమ్మం వైపు, మెట్ల వైపు. ఎవరూ లేరు. నడుముకి కట్టుకున్న గుడ్డసంచీలోంచి ఫొటో తీసి, స్టూలు మీది కుర్రాడి మీద వేలు పెట్టి, "తమ్ముడు" అంది. సున్నాగారి వైపు చూసి, కాదన్నట్టు తలూపింది.

ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది కొత్తమ్మాయికి. సున్నాగారు ఏడవలేదు, బతిమాలలేదు. ఏం చేయాలో తెలియని పిల్లవాడిలా చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు. చీకట్లో కంగారుగా తొడుక్కుని బయల్దేరిన చొక్కా, బొత్తాలన్నీ ఒక కాజా కిందికి పడి, ఒక పక్క అంచు పైకి లేచి ఉంది.

ఆవిడ చూపు ఆ అంచు మీద పడింది. దుప్పటి పక్కన పెట్టింది. దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా, పై బొత్తాం విప్పింది. తర్వాతది విప్పింది. మళ్లీ పైనుంచి ఒక్కొక్కటే సరిగ్గా పెట్టుకుంటూ వచ్చింది. కిందదాకా వచ్చాక చొక్కా కిందికి ఒక్క లాగు లాగి, "ఒరేయ్" అంది.

అని తనే ఉలిక్కిపడింది. తన వేళ్లకేసి చూసుకుంది. ఆయన మొహంలోకి చూసింది. ఫొటోలోకి చూసింది. మళ్లీ ఆయన మొహంలోకి. ఆవిడ చెయ్యి తన నడుం దగ్గర, స్టూలు మీది కుర్రాడంత ఎత్తులో గాలిలో ఆగి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి లేచి, నెరిసిన ఆయన జుట్టు దగ్గర ఆగింది.

"ఎప్పుడు?" అంది.

ఆయన ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఆవిడ ఆ తలమీద చెయ్యి వేసి, నిలబడే ఉంది, కళ్లు పెద్దవి చేసుకుని, వరండా అంతా కొత్తగా చూస్తున్నట్టు.

అక్కని ఆ రోజే పంపలేదు. డాక్టర్లు చూడాలి, కాగితాలు కావాలి. సున్నాగారి భార్య వెళ్లి ఆవిడ దగ్గర ఉండిపోయింది. ఆయన మర్నాడు ఆఫీసుకొచ్చాడు. ఇంకో రెండ్రోజులు ఉండమని అందరూ చెప్పినా వినలేదు. తనే చేస్తానని, తను తిరిగొచ్చేదాకా ఏ ఇంటికీ ఫోన్ చేయొద్దని అప్పటికే మేనేజరుకి చెప్పి ఉంచాడు.

మేనేజరు మంచాయనే. ఆయన బాధ ఆయనది. "చూడండి, కొత్త పద్ధతి పెట్టాం, దాంతో వీళ్లు దొరికారు అని చెబుదాం. అబద్ధమేం కాదు కదా. తప్పు జరిగిందంటే రేపటి నుంచి ఎవడూ మనకి ఫొటో పంపడు. మీ కుటుంబానికే ఇంత అన్యాయం జరిగింది, మిమ్మల్ని ఎవరంటారు?"

"నాకు జరిగింది వేరు సార్. నేను చేసింది వేరు" అన్నాడు సున్నాగారు. "అడిగినా అడక్కపోయినా నిజమే చెబుతాను. వద్దంటే ఉద్యోగం మానేసి మా ఇంట్లోంచి చేస్తాను."

మేనేజరు ఫోన్ ఆయన వైపు జరిపాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

కొత్తమ్మాయి నంబరు కలిపి ఇస్తుంటే ఆయన మాట్లాడాడు. మోటారుసైకిలు కుర్రాడి అన్న ఫోన్లోనే కేక పెట్టి, ఫోన్ ఎక్కడో పడేసి, ఇంట్లోవాళ్లని పిలుస్తూ పరిగెత్తాడు. ఇవతల ఆ అడుగుల చప్పుడు వింటూ వీళ్లిద్దరూ కాసేపు కూర్చున్నారు. అలాంటివే ఇంకొన్ని. తర్వాత చంటిబిడ్డని ఎత్తుకున్న మీసాలాయన వంతు వచ్చింది. ఆయన ఫొటో పక్కన ఆస్పత్రి వాళ్లు ఇంకో ముక్క రాసి ఉంచారు. కొత్తమ్మాయి అది చూసి, నంబరు నొక్కబోతూ ఆగింది.

"కలుపమ్మా" అన్నాడు.

ఎత్తింది ఆయన భార్య. సున్నాగారు తనెవరో చెప్పి, మీ ఆయన ఫలానా ఆస్పత్రిలో ఉండేవారమ్మా, మాట పోయింది, మొన్న చలికాలంలో చనిపోయారు అని చెప్పాడు. ఆ ఫొటో తమ దగ్గరికి ఎప్పుడో వచ్చిందనీ, తమ ప్రోగ్రాములో తప్పు వల్ల కనపడలేదనీ కూడా చెప్పాడు.

"మొన్న చలికాలమా?" అంది ఆవిడ. "అంటే, ఇక రాడులే అని నేను ఆయన బట్టలు ఇచ్చేసిన రోజుకి ఆయన బతికే ఉన్నాడా?"

"ఉన్నారమ్మా."

"తప్పు ఎవరిది?"

"నాదమ్మా. ప్రోగ్రాము రాసింది నేనే."

"మీ ఇంట్లో మనిషి తప్పిపోయి ఉంటే తెలిసేది మీకు."

సున్నాగారు కళ్లు మూసుకున్నాడు. అక్క సంగతి చెప్పేస్తాడు, చెప్పుకోవడం న్యాయమే అనుకుంది కొత్తమ్మాయి. ఆయన చెప్పలేదు. "అవునమ్మా" అన్నాడంతే.

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. కొత్తమ్మాయి తర్వాతి నంబరు కలపకుండా లేచి వెళ్లింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగలేదు. అలా ఉండగానే ఫోన్ మోగింది. అదే ఆవిడ. మాట గట్టిగానే ఉంది.

"ఎక్కడ పూడ్చారో తెలుసా మీకు?"

"తెలుసమ్మా. ఆస్పత్రి వాళ్లు రాసి పంపారు."

"చెప్పండి. మెల్లగా చెప్పండి, మా అమ్మాయి రాసుకుంటుంది."

సున్నాగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, తెరమీద చూస్తూ, ఒక్కొక్క మాటే చెప్పడం మొదలుపెట్టాడు.